ఎండుచెరువులో ఏరిన రాయి

రాళ్ళు ఏరేవాణ్ణి లోకం రెండు విధాలుగా చూస్తుంది. ఏరినది రత్నమైతే వాడు అదృష్టవంతుడు. ఏరినది రాయిగానే మిగిలిపోతే వాడికి పనీపాటా లేదంటుంది. మా తమ్ముడు పదకొండేళ్ళపాటు ఈ రెండో జాబితాలోనే ఉండిపోయాడు.

వాడు దక్షిణ కాలిఫోర్నియాలో ఇంజనీరు. అమెరికా వెళ్ళి ముప్ఫయ్యేళ్ళు దాటింది. పిల్లలిద్దరూ చదువులు ముగించుకుని ఎవరి ఊళ్ళలో వాళ్ళు స్థిరపడ్డాక వాడికి ఈ పిచ్చి పట్టుకుంది. చలికాలం వచ్చిందంటే చాలు, ఆదివారంనాడు తెల్లవారుజామునే లేచి, ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని, మొహావీ ఎడారిలోని ఎండిపోయిన సరస్సులకు బయలుదేరేవాడు. ఎందుకనుకున్నారు? ఆకాశం నుంచి పడిన ఉల్కలు వెతకడానికి! సాయంకాలానికి దుమ్ముగొట్టుకుని తిరిగి వచ్చేవాడు. జేబులో ఒకటో రెండో రాళ్ళుండేవి. వాటిని భూతద్దం కింద పెట్టి చూసి, పుస్తకాలు తిరగేసి, చివరికి ఒక నిట్టూర్పు విడిచి, కారు షెడ్డులో అలమారు మీద పెట్టేవాడు. అట్లా నలభై రాళ్ళు పోగయ్యాయి. వాటిలో ఉల్క ఒక్కటీ లేదు.

"అందరిళ్ళలో మగవాళ్ళు బజారుకి వెళ్ళి ఉప్పో పప్పో తెస్తారు వదినా! మీ తమ్ముడు రాళ్ళు తెస్తారు. పోనీ పచ్చడి నూరుకోవడానికైనా పనికిరావు" అని మా మరదలు టెలిఫోనులో చెప్పి నవ్వేది.

రెండేళ్ళ కిందట ఆ నవ్వు ఆగిపోయింది. తమ్ముడి కళ్ళకు జబ్బు చేసింది. కంటి లోపలి తెర నడిమిభాగం క్షీణించే జబ్బు అది. చుట్టూ చూపు ఉంటుంది, నడిమధ్య మాత్రం మసక. ఎదురుగా నిలబడ్డ మనిషి భుజాలు తెలుస్తాయి, ముఖం తెలియదు. సూదులు వేసి జబ్బును ఉన్నచోట నిలబెట్టాలని చూస్తున్నారు గాని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడట. వాడు కారు నడపడం మానేశాడు. పుస్తకాలు పక్కన పెట్టేశాడు. ఆదివారాలు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటున్నాడని మరదలు చెప్పేసరికి నాకిక్కడ కాలు నిలవలేదు. నిరుడు నవంబరులో ప్రయాణం కట్టాను.

నేను అనంతపురంలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. రాళ్ళ శాస్త్రం నాకు తెలియదు. అయినా వెళ్ళిన నాలుగో రోజున, భోజనాల దగ్గర, "ఆ ఎండుచెరువు ఎంత దూరంరా?" అన్నాను.

"రెండు గంటల పైచిలుకు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదక్కా."

"పదకొండేళ్ళు నువ్వు చూశావుగా. ఈ ఏడు నేను చూస్తాను, నువ్వు చెప్పు."

వాడు మాట్లాడలేదు. మరదలు మాత్రం లోపలికి వెళ్ళి ఫ్లాస్కు కడిగి పెట్టింది.

మేము వెళ్ళిన చోటును లూసర్న్ ఎండుసరస్సు అంటారు. శాన్ బెర్నార్డినో కొండలకు ఉత్తరాన, లూసర్న్ లోయలో ఉంది. మన రాయలసీమలో కరువునాడు చెరువు చూసినవాళ్ళు దాన్ని పోల్చుకోగలరు. కనుచూపు మేర బల్లపరుపు నేల. గడ్డిపరక లేదు. నెర్రెలు విచ్చిన బంకమట్టి, తెల్లగా, పలకలు పలకలుగా, ఎండకు మెరుస్తూ ఉంటుంది. మన చెరువుకు కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, మరవ ఉంటుంది. దీనికి అవేమీ లేవు. చుట్టుపక్కల కొండల మీద కురిసిన వాన ఈ పల్లంలోకి దిగుతుంది. బయటికి పోయే దారి లేక కొన్నాళ్ళు నిలిచి, ఎండిపోతుంది.

"ఇప్పుడు చెప్పు. కొండల మీది నుంచి నీళ్ళు రాళ్ళను మోసుకొస్తే, పెద్ద రాళ్ళు ఎక్కడ ఆగుతాయి?" అన్నాడు తమ్ముడు కారు దిగుతూనే.

"అంచుల్లో ఆగుతాయి. సన్నటి ఒండ్రు మాత్రం మధ్యకు వస్తుంది."

"అదీ సంగతి. అందుకని ఈ నట్టనడుమ ఒక రాయి కనిపించిందంటే, అది తను ఎట్లా వచ్చిందో సంజాయిషీ చెప్పుకోవాలి. మనిషి తెచ్చి పడేసి ఉండాలి, లేకపోతే పైనుంచి పడి ఉండాలి."

ఎంత తేలిక లెక్క! నాకు ఆ క్షణానే ఆ చోటు మీద ఇష్టం కలిగింది.

ఈ సరస్సులో మొదటి ఉల్కలు 1963లో దొరికాయి. తరువాత మరికొన్ని దొరికాయి. అవన్నీ ఒకే రాయి పగిలిన ముక్కలేమో అనుకోవడానికి లేకుండా, వేర్వేరు కాలాలలో వేర్వేరుగా పడినవి వాటిలో ఉన్నాయని 2000లో శాస్త్రజ్ఞులు ఒక వ్యాసంలో చూపించారు. అట్లా ఒక్కచోట ఎట్లా చేరాయంటారా? ఉల్కలు అన్నిచోట్లా పడతాయి. ఈ ఎడారిలో గాలి ఏళ్ళ తరబడి పైమట్టిని లేపుకుపోతుంది. సన్నటి మట్టి ఎగిరిపోతుంది, రాయి బరువుకు అక్కడే నిలుస్తుంది. బియ్యం చెరిగినప్పుడు ఊక పోయి చేటలో రాళ్ళు మిగిలినట్టు! పైగా వాన తక్కువ గనుక, రాతిలోని ఇనుము తొందరగా తుప్పు పట్టదు. సహారాలోనూ, ఒమాన్ ఎడారిలోనూ, అంటార్కిటికా మంచు మీదా వేలకొద్దీ దొరకడానికి ఇటువంటి కారణాలే చెబుతారు.

మన దేశంలో మాత్రం చాలావరకు కళ్ళ ఎదుట పడినవే తెలిశాయి. 1852 జనవరిలో మన నెల్లూరు సీమలో ఒకటి పడింది. ప్రపంచ జాబితాలో ఈనాటికీ దాని పేరు "నెల్లూరు". 1976 జనవరి 28న గుజరాతులో ధజాలా దగ్గర రాళ్ళు కురిశాయి. చూసినవాళ్ళు లేకపోతే మన పొలాల్లో, మన వానల్లో ఆ రాళ్ళు ఎన్నేళ్ళు నిలుస్తాయి?

దారి పొడుగునా తమ్ముడు నాకు ఇవన్నీ పాఠంలా చెప్పాడు. రెండువందల ఏళ్ళ కిందటి దాకా ఆకాశం నుంచి రాళ్ళు పడతాయంటే ఐరోపా పండితులు చాలామంది పల్లెటూరి వాళ్ళ కట్టుకథ అని కొట్టిపారేసేవారట. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్సులో లెగ్ల్ అనే ఊరి దగ్గర మూడువేల దాకా రాళ్ళు కురిశాయి. బియో అనే శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్ళి, ఊరూరా తిరిగి, ఎక్కడ ఏ రాయి పడిందో, ఎవరు చూశారో, ఏం విన్నారో రాసుకుని వచ్చాడు. ఆ రాతకోతల ముందు పండితుల అపనమ్మకం నిలవలేకపోయింది.

"అందుకే, రాయి కనిపిస్తే ముందు చెయ్యి వెయ్యకూడదు. ఉన్నచోట ఉన్నట్టు ఫోటో తియ్యాలి. అక్షాంశం, రేఖాంశం రాసుకోవాలి. ఆ తరువాతే ముట్టుకోవాలి" అన్నాడు తమ్ముడు.

అక్కడ చట్టం కూడా ఉంది సుమండీ. ఆ దేశంలో ప్రభుత్వ భూముల మీద, అనుమతి ఉన్నచోట, మనిషి ఒక్కంటికి ఏడాదికి పది పౌన్ల దాకా ఉల్కలు సొంతానికి ఏరుకోవచ్చు. అంటే నాలుగున్నర కిలోలు. అట్లా ఏరినవి అమ్ముకోకూడదు. జాతీయ ఉద్యానవనాలలో ముట్టుకోనే కూడదు. సైన్యం వాళ్ళ చేతిలో ఉన్న ఎండుసరస్సులలో అడుగే పెట్టకూడదు. మా తమ్ముడు ఈ విషయాలలో ఖచ్చితమైన మనిషి. సరిహద్దుల పటం నాచేత పైకి చదివించుకుని గాని కారు దిగనిచ్చేవాడు కాదు.

ఇక నడక. లెక్కల పంతులమ్మకు వెతకడం అప్పగిస్తే ఏం చేస్తుంది? నేలను గళ్ళు గీసుకుంది. దూరాన కనిపించే ఒక శిఖరాన్ని గుర్తు పెట్టుకుని నాగలి చాలులా తిన్నగా వెళ్ళడం, ఆరు అడుగులు పక్కకు జరిగి తిరిగి రావడం. తమ్ముడు నా ఎడంపక్కన, నా మోచెయ్యి పట్టుకుని నడిచేవాడు. మరదలికి మోకాళ్ళ నొప్పులు. కారులో కూర్చుని ఊలు అల్లుకుంటూ, మేము మరీ దూరం పోతే హారను మోగించేది.

నల్లగా ఏది కనిపించినా నేను ఆగి చెప్పాలి. వాడు అడగాలి.

"రంగు?"

"నలుపు. కొంచెం మెరుస్తోంది."

"చిల్లులున్నాయా?"

"సన్నటివి చాలా ఉన్నాయి. రాగిసంకటి మాడినట్టుంది."

"అయితే చిట్టెం. కొలిమిలోదో, కాలిన బొగ్గుదో. పద."

ఆకాశం నుంచి వచ్చిన రాతిలో గాలిబుడగల చిల్లులు సాధారణంగా ఉండవట. వాతావరణంలో పడేటప్పుడు పైపైన కరిగి, పలచటి నల్లటి పెంకు కడుతుంది. ఏళ్ళు గడిస్తే ఆ పెంకు గోధుమరంగుకు తిరుగుతుంది. అంచులు పదునుగా ఉండవు. కొన్నిటి మీద, మెత్తటి పిండిని బొటనవేలితో నొక్కినట్టు, లోతులేని గుంటలుంటాయి. పరిమాణానికి మించిన బరువుంటుంది. ఇవన్నీ నేను ఎన్నిసార్లు వల్లించానో!

ఆ సరస్సు మీద ఇంకొక చిక్కు కూడా ఉంది. సరదాగా సొంతంగా రాకెట్లు చేసుకునేవాళ్ళు వాటిని ఎగరెయ్యడానికి అక్కడికే వస్తారు. మోటారు బళ్ళవాళ్ళూ వస్తారు. అందువల్ల మాకు తుపాకి గుళ్ళు, బోల్టులు, కాలిన రేకులు బోలెడు దొరికాయి. ఒకనాడు ఒక రాకెట్టు రెక్కముక్క దొరికితే తమ్ముడు దాన్ని తడిమి చూసి, "ఇది ఆకాశం నుంచి పడిన మాట నిజమే" అన్నాడు. వాడు నవ్వగా నేను చూడడం ఆ ఊరు వెళ్ళాక అదే మొదలు.

అట్లా తొమ్మిది ఆదివారాలు గడిచాయి. జనవరి నెల చివర, ఎండ ఏటవాలుగా పడుతున్న వేళ, నెర్రె అంచున ఒక నీడ కనిపించింది. దగ్గరికి వెళ్ళాను. పెద్ద ఉసిరికాయంత రాయి. ముదురు గోధుమరంగు. సగం మట్టిలో ఉంది.

"చెప్పు" అన్నాడు తమ్ముడు, నేను ఆగడం చూసి.

"గుండ్రంగా లేదు, కోసుగానూ లేదు. అంచులన్నీ అరిగినట్టున్నాయి. చిల్లులు లేవు. ఒక పక్క చిన్న పెచ్చు లేచింది. అక్కడ లోపల బూడిదరంగు."

"ఆ పెచ్చు లేచినచోట భూతద్దం పెట్టి చూడు. ముట్టుకోకు."

నేల మీద బోర్లా పడుకుని చూశాను. అరవయ్యెనిమిదేళ్ళ వయసులో నేను చేసిన ఆసనం అది! బూడిదరంగు రాతిలో సూదిమొనంతేసి వెండి చుక్కలు మెరుస్తున్నాయి. వాటి చుట్టూ తుప్పు మరకలు. అక్కడక్కడ ఆవగింజంత గుండ్రటి మచ్చలు.

"వెండి చుక్కలున్నాయిరా. గుండ్రటి గింజలున్నాయి."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, "ఫోటో తియ్యి. కొలబద్ద పక్కన పెట్టు. నంబర్లు రాయి" అన్నాడు. అన్నీ ముగిశాక రాయిని వాడి అరచేతిలో పెట్టాను. వేళ్ళతో దాని ఒంటినంతా తడిమాడు. ఒకచోట వాడి బొటనవేలు చిన్న గుంటలో సరిగ్గా కుదిరింది. అక్కడే ఉంచి, కారు దాకా అట్లాగే నడిచాడు.

ఇంట్లో తక్కెడ వేస్తే నలభైమూడు గ్రాములు తూగింది. ఒకప్పుడు వాడు కర్రచివర అయస్కాంతం కట్టుకుని వెతికేవాడట. ఉల్కలలో ఇనుము, నికెలు కలిసిన లోహం ఉంటుంది గనుక అతుక్కుంటుంది. కాని బలమైన అయస్కాంతం తగిలితే, రాతిలో కోట్ల ఏళ్ళుగా దాగి ఉన్న అయస్కాంతపు జాడ చెరిగిపోతుందని శాస్త్రజ్ఞులు మొత్తుకుంటున్నారు. అది తెలిశాక కర్ర మూలపడింది. నాచేత ఒక దిక్సూచి తెప్పించి బల్ల మీద పెట్టించాడు. రాయిని దగ్గరికి తెస్తే ముల్లు కదిలింది. దూరం జరిపితే వెనక్కి వచ్చింది. మరదలు మూడుసార్లు చేసి చూసింది.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. రాయి ఉల్కలాగే ఉందని మేము అనుకుంటే సరిపోదు. అంతర్జాతీయ ఉల్కా సంఘం ఒకటుంది, 1933లో స్థాపించారు. ఆ సంఘం వాళ్ళ నామకరణ సమితి ఒప్పుకుంటేనే జాబితాలో పేరు చేరుతుంది. దానికి రాయిని పండితుల చేత పరీక్ష చేయించాలి. పరీక్షకు రాయిని కోయాలి. పైగా మొత్తంలో అయిదోవంతుగాని ఇరవై గ్రాములుగాని, ఏది తక్కువైతే అంత, ఏదైనా శాస్త్రసంస్థలో శాశ్వతంగా ఉంచాలి. మా రాతికి అది దాదాపు తొమ్మిది గ్రాములు. రంపానికి పొడి అయ్యేది వేరే.

తమ్ముడికి మనసొప్పలేదు. రెండు వారాలు ఆ రాయిని దిండు పక్కన పెట్టుకునే పడుకున్నాడు.

"పదకొండేళ్ళు తిరిగితే దొరికిన ఒక్క రాయి అక్కా! దీని రూపు నా వేళ్ళకు తెలుసు. కోస్తే లోపల ఏముందో లోకానికి తెలుస్తుంది, నిజమే. నాకేం తెలుస్తుంది? మైక్రోస్కోపులో పెట్టి చూపిస్తే నేను చూడగలనా?"

దానికి నేనేం చెప్పగలను? మరదలు మాత్రం, "వద్దులెండి. ఉన్నదున్నట్టు ఉంచుకోండి. ఎవరడిగారు?" అంది. అవును, ఎవరూ అడగలేదు. రాయి వాడిది, సంతోషం వాడిది.

ఒక సాయంకాలం వాడే నన్ను షెడ్డులోకి తీసుకుపోయాడు. అలమారు మీద నలభై రాళ్ళూ వరసగా ఉన్నాయి. వాడు ఉల్కను వాటి మధ్య పెట్టి, "ఇప్పుడు నువ్వు చూసి చెప్పు. ఇందులో ఉల్క ఏది?" అన్నాడు. నేను చూపించాను.

"నీకు తెలుసు గనుక చూపించావు. నేను పోయాక పిల్లలు వచ్చి ఈ షెడ్డు ఖాళీ చేస్తారు. వాళ్ళకు తెలుస్తుందా? నలభై ఒక్క రాళ్ళనూ ఒకే డబ్బాలో పోసి పెరట్లో పారబోస్తారు."

తరువాత వాడు ఒక సంగతి చెప్పాడు. అదే మొహావీ ఎడారిలో ఒక రాళ్ళ ప్రేమికుడు ఏరుకొచ్చిన రాళ్ళలో రెండు గోధుమరంగువి ఇరవై ఏళ్ళ దాకా ఆయన ఇంటిదగ్గరే పడి ఉన్నాయి. 1999లో ఆయన సామాను సర్దుతూ చూస్తే అనుమానం వచ్చింది. పరీక్ష చేయిస్తే అవి అంగారక గ్రహం నుంచి వచ్చినవని తేలింది! "లాస్ ఏంజిలిస్" అని పేరు పెట్టారు. ఎందుకంటే ఎడారిలో సరిగ్గా ఎక్కడ దొరికాయో ఇక చెప్పడం సాధ్యపడలేదు. అటువంటి అంగారక శిలల తెగను షెర్గొటైట్లు అంటారు. ఆ మాట ఎక్కడిదనుకున్నారు? మన బీహారులో గయ దగ్గర షెర్ఘాటీ అనే ఊరిది. 1865 ఆగస్టు 25న అక్కడ పడిన రాయే ఆ తెగకు పేరిచ్చింది.

"ఊరి పేరు ఉన్న రాయి తెగకే పేరైంది. చోటు పోగొట్టుకున్న రాయి పక్క పట్నం పేరు అరువు తెచ్చుకుంది. మన రాతికి చోటు ఉంది. నువ్వు రాశావు. దాన్ని అనాథను చెయ్యను" అన్నాడు తమ్ముడు. మర్నాడు నాచేత ఉత్తరం రాయించాడు.

ఒక విశ్వవిద్యాలయంలో ఉల్కలు పరీక్షించే పండితుడు ఒప్పుకున్నాడు. వజ్రపు పొడి పూసిన పలచటి రంపంతో కోశారు. ఒక పలుచని బిళ్ళను గాజుపలకకు అతికించి, మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల మందం వచ్చేదాకా అరగదీశారు. అంత పలచనైతే రాతిలోంచి వెలుగు పారుతుంది. ఏప్రిల్ మొదటివారంలో ఆయన మమ్మల్ని వచ్చి చూడమన్నాడు.

నేను మైక్రోస్కోపు మీద కళ్ళు పెట్టాను. కాంతిని వడగట్టే పలకలు రెండు అడ్డంగా తిప్పగానే, ఏం చెప్పమంటారు! చిన్నప్పుడు పగిలిన గాజుముక్కలు గొట్టంలో వేసి తిప్పుకుంటూ చూసేవాళ్ళం గదా, అట్లా ఉంది. నీలం, గులాబి, పసుపు, ఆకుపచ్చ. పక్కన తమ్ముడు కుర్చీలో కూర్చుని, ఎడారిలో లాగానే, "చెప్పు" అన్నాడు.

"గుండ్రటి గింజలున్నాయి. ఒకదాంట్లో గీతలు వరసగా, చాపలో పుల్లల్లా ఉన్నాయి. ఒకటి విసనకర్ర విప్పినట్టుంది. ఇంకొకటి చిన్నచిన్న రవ్వలు పొదిగినట్టుంది. కొన్నిటి అంచులు స్పష్టంగా లేవు, పక్కదానిలో కలిసిపోతున్నాయి. నడుమ నల్లటి మచ్చలు."

"నల్లటివి లోహం" అన్నాడు పండితుడు.

ఆ గుండ్రటి గింజలను కాండ్రూల్సు అంటారు. అవి ఉన్న రాయి కాండ్రైటు. సూర్యుడు పుట్టిన కొత్తలో, ఇంకా భూమి లేనినాడు, ఆకాశంలో తేలుతున్న ధూళి కరిగి బొట్లుబొట్లుగా గడ్డకట్టిన గింజలవి. వయసు దాదాపు నాలుగువందల యాభైఆరు కోట్ల ఏళ్ళు. మన ఊరి బండలు ఎంత పాతవైనా ఆ వయసుకు చేరవు.

ఆ పండితుడు కంప్యూటరు తెర మీద అదే బొమ్మను పెద్దది చేసి పెట్టాడు. తమ్ముడు తల పక్కకు తిప్పి, ఓర చూపుతో చాలాసేపు చూశాడు. "నీలం ఉందక్కా, ఆ పక్కన" అన్నాడు. ఉంది.

తరువాత ఆయన తరగతులు కట్టే పద్ధతి చెప్పాడు. సాధారణ కాండ్రైట్లు మూడు తెగలు. ఇనుము ఎక్కువగా ఉన్నది హెచ్, తక్కువ ఉన్నది ఎల్, ఇనుమూ లోహమూ రెండూ తక్కువైనది ఎల్ఎల్. కంటితో చూసి చెప్పరు. ఎలక్ట్రాను కిరణం ప్రయోగించే యంత్రంతో ఆలివిన్ అనే ఖనిజంలో ఇనుము పాలు కొలుస్తారు. హెచ్ తెగలో అది నూటికి పదహారు నుంచి ఇరవై దాకా, ఎల్ తెగలో ఇరవైరెండు నుంచి ఇరవైఆరు దాకా ఉంటుంది. మాది ఇరవై అయిదు. కనుక ఎల్. ఆ పక్కన ఒక అంకె వేస్తారు. ఈ పద్ధతి 1967 నుంచి ఉంది. గింజలు స్పష్టంగా, చెక్కుచెదరకుండా ఉంటే మూడు. తల్లిగ్రహశకలం లోపలి వేడికి ఉడికి పక్కవాటితో కలిసిపోయినకొద్దీ నాలుగు, అయిదు, ఆరు. మాది అయిదు. ఆకాశంలో ఎంత దెబ్బ తిన్నదో చెప్పడానికి ఒక కొలత, భూమి మీద ఎంత తుప్పు పట్టిందో చెప్పడానికి మరొక కొలత. ఎల్ తెగ రాళ్ళలో చాలా వాటి మీద, దాదాపు నలభైఏడు కోట్ల ఏళ్ళ కిందట వాటి తల్లి శకలం బద్దలైనప్పటి దెబ్బల గుర్తులున్నాయట.

"మొత్తం మీద సాధారణ కాండ్రైటు" అన్నాడాయన.

ఇంటికి వచ్చే దారిలో మరదలికి కోపం వచ్చింది. "పదకొండేళ్ళు వెతికితే సాధారణమా? ఆ మాట అనకపోతేనేం!"

తమ్ముడు హాయిగా నవ్వాడు. "పడే రాళ్ళలో నూటికి ఎనభై పైగా ఇటువంటివే. సాధారణమంటే చుట్టాలు ఎక్కువున్నది అని అర్థమే! నెల్లూరు రాయి హెచ్ తెగ, ఆరో తరగతి. అది పెత్తండ్రి బిడ్డ అనుకో."

నేను ఏప్రిల్ నెలాఖరులో అనంతపురం వచ్చేశాను. సమితి వాళ్ళ నిర్ణయం వర్షాకాలంలో తెలిసింది. జాబితాలో డెబ్బైవేలకు పైగా ఉన్న పేర్లలో మాదీ చేరింది. అందులో తమ్ముడి పేరు లేదు, నా పేరు లేదు. సరస్సున్న చోటి పేరు, పక్కన ఒక వరససంఖ్య, అంతే. "మన పద్ధతేనక్కా. ఊరి పేరే ఇంటిపేరు" అన్నాడు వాడు టెలిఫోనులో. తొమ్మిది గ్రాముల ముక్క సంస్థ బీరువాలో ఉంది. మిగిలింది వాడి బల్ల మీద ఉంది. కోసినవైపు అద్దంలా నున్నగా, ఇటు వేలిగుంటతో గరుగ్గా ఉండడం వల్ల ఇప్పుడు ఏ వైపు ఏదో చీకట్లోనైనా తెలుస్తోందట. షెడ్డులోని నలభై రాళ్ళకూ మరదలు చీటీలు అంటించింది. అన్నిటి మీదా ఒకే మాట: "ఉల్క కాదు."

ఈ చలికాలం వాడితో పక్కవీధి తెలుగు కుర్రవాడు ఒకడు నడుస్తున్నాడు. కాలేజీలో చదువుతున్నాడు, కళ్ళు చురుకైనవి. కాని వర్ణన రాదట. ఏది అడిగినా "నల్లగా ఉందండీ" అంటాడట. మొన్న ఆదివారం వాడికొక రాయి కనిపించిందని తమ్ముడు చెప్పాడు.

"చిల్లులున్నాయా అని అడిగావా?" అన్నాను.

"అడిగాను. నాలుగుసార్లు అడిగితే, ఇడ్లీలా ఉందండీ అన్నాడు. చిట్టెమేనక్కా. కాని ఇడ్లీ అన్నాడు చూడు, వచ్చే ఏటికి పనికొస్తాడు."